పిల్ల ఎవరి చంకలో ఉంది?

కోరాడ గవరయ్య కూతురు పైడిరత్నం ఈ దేశపు పౌరురాలై పదమూడేళ్లు దాటింది. ఈ సంగతి చట్టానికి తెలుసు, గవరయ్యకి తెలుసు, వాళ్లుంటున్న కాలనీలో అందరికీ తెలుసు. తెలియనిదల్లా పౌరసత్వ నిర్ణయ శాఖవారి ప్రాంతీయ కార్యాలయానికి. ఆ కార్యాలయానికి ఏదైనా తెలియాలంటే మామూలుగా తెలిస్తే చాలదు. పై అంతస్తు నుంచి కింది అంతస్తు దాకా ఒకళ్ల తరవాత ఒకళ్లకి, పొట్టి సంతకాలతో సహా తెలియాలి.

గవరయ్య తాత రంగూన్ బియ్యం మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కినవాడు. గవరయ్య అక్కడే పుట్టాడు, అక్కడే బస్తాలు మోశాడు, అక్కడే పెళ్లి చేసుకున్నాడు, అక్కడే పెళ్లాన్ని బాలింత జ్వరానికి పోగొట్టుకున్నాడు. తరవాత అక్కడ పరాయివాళ్లు ఉండడానికి వీల్లేదన్న రోజులొచ్చాయి. నెలల పిల్లని చంకనేసుకుని ఓడెక్కి విశాఖపట్నంలో దిగాడు. దిగాక చెప్పారు, అక్కడ పుట్టినవాడు గనక ఇక్కడా పరాయివాడేనని. అయితే వెనక్కి పొమ్మనలేదు. కొన్నాళ్లు ఓపిక పట్టమన్నారు. పిల్లకి నాలుగేళ్లు నిండాక ఒకనాడు గవరయ్యని పిలిచి, ప్రమాణం చేయించి పౌరుణ్ణి చేశారు.

ఆ రోజున పిల్లని ఇంట్లో వదిలి వెళ్లడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఎప్పటిలాగే చంకనేసుకుని వెళ్లాడు. కార్యాలయం గేటు దగ్గర బోర్డుంది. ప్రమాణ మందిరంలోకి గొడుగులు, తినుబండారాలు, పిల్లలు నిషిద్ధం. గవరయ్య బిక్కమొహం వేసుకుని నిలబడితే, గేటు కాపలా చూస్తున్న దాలినాయుడు అనే జవాను జాలిపడి, పిల్లని ఇటు తెమ్మని తన చంకనెత్తుకున్నాడు. గవరయ్య లోపలికెళ్లి పరాయితనం వదిలించుకుని బయటికొచ్చాడు. జవాను చంకలోంచి పిల్లని అందుకుని, దారిలో దానికో బుడగ కొనిపెట్టి ఇంటికెళ్లిపోయాడు. అప్పట్లో ఉన్న చట్టం ప్రకారం తండ్రి పౌరుడైన క్షణంలోనే మైనరు బిడ్డ కూడా, అడక్కుండానే, తనంతట తానే పౌరురాలైపోతుంది. ఇంత ఉదారమైన చట్టాన్ని రాసిన మహానుభావుడెవరో గాని, దాన్ని అమలుచేసే శాఖ ఒకటుంటుందన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

ఇప్పుడు పైడిరత్నానికి నర్సు శిక్షణలో సీటొచ్చింది. చేరాలంటే పౌరసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. అదీగాక, పద్దెనిమిది నిండేలోపల తెచ్చుకోవాలన్నారు. నిండితే మైనరు కాదు. మైనరు కాకపోతే తండ్రి ద్వారా పౌరసత్వం వచ్చిందని రుజువు చేసుకునే వీలుండదు. అప్పుడామె ఇన్నేళ్లుగా అనుమతి లేకుండా దేశంలో తిష్ట వేసిన విదేశీయురాలవుతుంది. సీటు మాట దేవుడెరుగు, ఓడెక్కించినా ఎక్కిస్తారు. ఏ ఓడో, ఎక్కడికో ఎవరికీ తెలీదు. పుట్టినరోజింకా నెల పైన ఉంది. ఒక చిన్న కాగితానికి నెలెందుకని గవరయ్య అనుకున్నాడు. అతని అమాయకత్వానికి మనం నవ్వుకోవచ్చు గాని, అతను బతుకంతా బస్తాలతోనే గడిపినవాడు, ఫైళ్లతో కాదు. నడుం పడిపోయాక ఇక్కడి బియ్యం మిల్లువాళ్లు కాటా దగ్గర కూర్చోబెట్టారు. ముల్లు ఎక్కడ ఆగితే అదే చెప్పడం అక్కడ అతని పని.

కిటికీ దగ్గరున్న గుమస్తా అతని గోడంతా విని చాలా సంతోషించాడు. అమ్మాయి ఇప్పటికే పౌరురాలు గనక ఆమెకి పౌరసత్వం ఇవ్వడం కుదరదన్నాడు. ఉన్నవాళ్లకి మళ్లీ ఇస్తే ఒక మనిషికి రెండు పౌరసత్వాలవుతాయి, అది నేరం. పౌరసత్వం వద్దు, ఉన్నట్టు కాగితమిస్తే చాలని గవరయ్య అన్నాడు. పౌరురాలని తేలితే గాని కాగితం ఇవ్వకూడదన్నాడు గుమస్తా. తేలడానికేం కావాలని అడిగితే, ఆ ముక్క సూపరింటెండెంటుగారిని అడగమని చూపుడువేలు మేడమీదికి చూపించాడు.

సూపరింటెండెంటు వక్కలంక సోమేశ్వరంగారు నియమావళిని కంఠతా పట్టినవారు. అందులోంచి ఏ ముక్క అడిగినా అప్పగించేవారు, కళ్లు మూసుకుని. గవరయ్యని కూర్చోమన్నారు. అది ఆయన మంచితనం. అతను కూర్చోవడానికి కుర్చీ లేకపోవడం బడ్జెట్టు సంగతి.

"సదరు నిబంధనకు రెండు అంగములున్నవి," అన్నారాయన. "ఒకటి, బిడ్డ మైనరై ఉండవలెను. రెండు, ప్రమాణ క్షణమందు సదరు బిడ్డ, ప్రమాణము చేయుచున్న తల్లి లేక తండ్రి యొక్క భౌతిక సంరక్షణలో ఉండవలెను. ఆ సమయమున పిల్ల ఎక్కడ ఉన్నది?"

ఈ ప్రశ్న ఆయన సర్వీసులో కొన్ని వందలమందిని అడిగి ఉంటారు. అందరూ నా దగ్గరే అన్నారు. ఆయన కూడా ఆ జవాబే రాసుకోవడానికి సిద్ధంగా కలం కాగితానికి ఆనించి ఉన్నారు. గవరయ్యకి ముల్లు ఆగినచోటే చెప్పడం అలవాటు.

"గేటుకాడ జవాను సంకలో ఉన్నాది బావూ," అన్నాడు.

కలం ఆగింది. సోమేశ్వరంగారు కళ్లు తెరిచి, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పమన్నారు. అంతకంటే ఎక్కువ సాయం ఏ అధికారీ చెయ్యలేడు. గవరయ్య ఆ సాయాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని ఇంకా బాగా గుర్తు తెచ్చుకున్నాడు. జవానుకి గుబురు మీసాలున్నాయని, పిల్ల వాటిని పట్టుకుని పీకిందని, తను మెట్లెక్కుతుంటే వెనకనించి ఏడుపు వినిపించిందని, లోపలున్నంతసేపూ తన మనసంతా గేటు దగ్గరే ఉందని చెప్పాడు. మనసు సంగతి నియమావళిలో లేదు గనక ఆయన మిగతాదంతా రాసుకుని, గవరయ్య చేత వేలిముద్ర వేయించారు. ఇంత సర్వీసులో ఆయనకో కొత్త చిక్కు దొరకడం ఇదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్యతో కూడా చెప్పుకున్నారట.

చిక్కు ఇది. పిల్ల తండ్రి సంరక్షణలో లేదు. మరి జవాను సంరక్షణలో ఉందా, లేక అతను తండ్రి తరఫున ఊరికే పట్టుకున్నాడా? తండ్రి తరఫునైతే తండ్రి సంరక్షణ కిందే లెక్క, పని జరిగిపోతుంది. అందుకని జవానుని పట్టుకు రమ్మన్నారు. దాలినాయుడు రిటైరై గోపాలపట్నం అవతల చిన్న పెంకుటింట్లో ఉంటున్నాడు. గవరయ్య వాకబు చేసుకుంటూ వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. మీసాలు తెల్లబడ్డాయి. తండ్రి వెనకాల నిలబడ్డ పైడిరత్నాన్ని చూసి, కాసేపటికి పోల్చుకున్నాడు.

"ఈ గుంటేనేటి," అన్నాడు. "ఆ దినం ఎంత ఏడుపేడిసినాదో. నువ్వెక్కడ ఒగ్గీసి ఎల్లిపోతావో అని నాకు గుండె పీకుతుండీది."

సాక్ష్యం చెప్పడానికి అడగ్గానే ఒప్పుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మర్నాడే వచ్చాడు. సోమేశ్వరంగారు అతన్ని నిలబెట్టి, పిల్లని ఎత్తుకున్నది డ్యూటీలో భాగంగానా, లేక సొంత హోదాలో, తండ్రి తరఫునా అని అడిగారు. సొంతంగానే, జాలికొద్దీ అన్నాడు దాలినాయుడు. అయితే డ్యూటీ సమయంలో సొంత వ్యవహారం నడపడం దుష్ప్రవర్తన కిందికి వస్తుందని, రిటైరైనవాళ్ల విషయంలో దుష్ప్రవర్తన రుజువైతే పింఛను నిలిపివేయవచ్చునని, నలభై రెండో నిబంధన కళ్లు మూసుకునే అప్పగించారు ఆయన. ఆ మాటలో కోపం గాని బెదిరింపు గాని లేదు. ఎండగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పారు.

దాలినాయుడు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ పింఛను మీద అతనూ, మంచానపడ్డ భార్యా బతుకుతున్నారు. "రాసుకోండి బావూ," అన్నాడు. "సొంతంగానే ఎత్తుకున్నాను. గుంట బతుకు ముక్యం గదా."

గవరయ్య వద్దన్నాడు. తన పిల్లని ఎండలో ఎత్తుకున్న మనిషి కూడు తీసేసి తన పిల్లకి దేశం సంపాదించుకోవడం తనవల్ల కాదన్నాడు. దాలినాయుడు చేసింది డ్యూటీయేనని, గేటు దగ్గరున్న ప్రతిదాన్నీ కాయడం జవాను పనేనని గవరయ్యే వాదించాడు. తన కేసుని తానే ఇంత చక్కగా ఓడగొట్టుకున్న దరఖాస్తుదారుని సోమేశ్వరంగారు అంతకుముందు చూడలేదు. డ్యూటీ అని రాసుకున్నారు.

డ్యూటీ అని తేలడంతో ఫైలు రెక్కలు విప్పుకుంది. జవాను డ్యూటీలో చేసినదేదైనా శాఖ చేసినట్టే. కాబట్టి ప్రమాణ క్షణంలో పిల్ల సాక్షాత్తూ శాఖ సంరక్షణలో ఉంది. ఈ అభిప్రాయంతో ఫైలు ఉపసంచాలకులు నిరంజనరావుగారి బల్ల మీదికి చేరింది. ఆయన చురుకైన మనిషి, ఉత్సాహం ఎక్కువ. ఏడాదికొక ఉద్యమం లేవదీస్తారు. ఆ ఏడు చెట్లు నాటడం అయిపోయి ఖాళీగా ఉన్నారు. శాఖకొక బిడ్డ ఉందని తెలియగానే ఆయన మొహం వెలిగిపోయింది.

వెంటనే సమావేశం పెట్టి ఉపన్యసించారు. మానవీయ పాలన, మానవీయ పాలన అని అందరూ అంటున్నారు గాని, ఒక శాఖ తన చల్లని చంకలో ఒక అనాథను పొదివి పట్టుకున్న ఉదంతం దేశ పరిపాలనా చరిత్రలో మరొకటున్నదా అని అడిగారు. అనాథ కాదు, తండ్రి ఉన్నాడని ఎవరో గుర్తుచేశారు. ఆ తండ్రి సంగతి కూడా పరిశీలించవలసి ఉన్నదన్నారాయన. పరిశీలించగా తేలినదేమంటే, ప్రమాణం అయిపోయాక సదరు గవరయ్య, శాఖ సంరక్షణలో ఉన్న మైనరును, శాఖాధిపతి లిఖితపూర్వక అనుమతి లేకుండా గేటు దాటించి తీసుకుపోయాడు. ఇంతకాలంగా తిరిగి అప్పగించలేదు కూడా.

మూడో రోజున గవరయ్యకి తాఖీదు వచ్చింది. శాఖకు చెందిన బిడ్డను ఎందుకు తీసుకుపోయినదీ, ఏ అధికారంతో పోషించినదీ సంజాయిషీ ఇచ్చుకోవాలని. పైడిరత్నం దాన్ని చదివి వినిపించింది. గవరయ్య రెండోసారి చదివించుకున్నాడు. "నా పిల్లని నేనెందుకు పెంచినానో సెప్పాలంటనే?" అని కూతుర్నే అడిగాడు. ఆమె ముందు నవ్వింది, తరవాత ఏడ్చింది. సంజాయిషీ ఆమే రాసింది. పెంచడానికి మరెవరూ లేకపోవడం వల్ల పెంచినాడనీ, ఇకముందు ఇలా జరగదనీ. ఆ రెండో ముక్కని శాఖవారు సంతృప్తికరంగా భావించారు.

ఈలోగా పుట్టినరోజు దగ్గరపడుతోంది. నర్సు శిక్షణవాళ్లు ఒకటి రెండుసార్లు గడువు పొడిగించి, ఇక పొడిగించేది లేదన్నారు. శాఖలో మాత్రం పని పరుగు మీద ఉంది. సంరక్షకుడు శాఖే గనక బిడ్డ తరఫున దరఖాస్తు కూడా శాఖే పెట్టాలని నిరంజనరావుగారు నిర్ణయించి, శాఖ తరఫున శాఖకి ఆయనే దరఖాస్తు రాశారు. మర్నాడు ఉదయం ఆ దరఖాస్తు ఆయన బల్ల మీదికే వచ్చింది. ఎంతో నిష్పక్షపాతంగా చదివి, ఒక లోపం పట్టుకున్నారు. సంరక్షకుడి పౌరసత్వం ఏమిటన్న గడి ఖాళీగా ఉంది.

ఖాళీ ఎందుకుండాలని న్యాయసలహా అడిగారు. న్యాయసలహాదారు పాత గజెట్లన్నీ తిరగేసి వారంలో జవాబిచ్చాడు. శాఖను స్థాపించినది స్వాతంత్ర్యానికి పూర్వం ఒక తెల్లదొర ఉత్తర్వు మీద. స్వాతంత్ర్యం వచ్చాక శాఖ లక్షలమంది చేత ప్రమాణాలు చేయించిందే గాని, తాను మాత్రం ఎన్నడూ ప్రమాణం చేయలేదు, పౌరసత్వం కోరుతూ దరఖాస్తూ పెట్టుకోలేదు. కాబట్టి ఏ రకంగా చూసినా శాఖ విదేశీయురాలే.

ఆ కాగితం చదివాక నిరంజనరావుగారు తలుపు వేసుకుని గంటసేపు బయటికి రాలేదు. శాఖ విదేశీయురాలైతే అది ఇచ్చిన పౌరసత్వాలన్నీ ఏమైనట్టు? ఆ పౌరులు వేసిన ఓట్లేమైనట్టు? ఆ మాటకొస్తే, దేశమంటూ ఒకటి మిగులుతుందా? గంట తరవాత తలుపు తీసి సోమేశ్వరంగారిని పిలిచారు. న్యాయసలహా మీద "ఇంతకు మించి ఆలోచించరాదు" అని ఎర్రసిరాతో రాసి సీలు వేయించారు. ఆ క్షణం నుంచి పైడిరత్నానికి ధ్రువపత్రం ఇవ్వాలని గవరయ్య కన్నా ఆయనకే ఎక్కువ తొందర పట్టుకుంది.

గవరయ్యని కబురుపెట్టి పిలిపించారు. ఈసారి కుర్చీ వేశారు, టీ తెప్పించారు. అప్పుడు పిల్ల ఎక్కడున్నదీ మరోసారి చెప్పమన్నారు. చంటిపిల్లలు తండ్రి చంకలో ఉండడం లోకసహజమన్నారు నిరంజనరావుగారు. నాలుగేళ్ల పిల్లని గేటు దగ్గర వదిలేసే తండ్రి ఉంటాడా అన్నారు సోమేశ్వరంగారు. గవరయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. కాటా ముల్లుని వేలితో నొక్కమని మిల్లు యజమాని అడిగినప్పుడు ఒప్పుకోక ఒకసారి పని పోగొట్టుకున్నవాడు. కాని అక్కడ పోయింది తన పని, ఇక్కడ పోయేది పిల్ల బతుకు. కూతురి కోసం దేనికైనా సిద్ధపడి, తల వంచుకుని, "నా సంకలోనే ఉన్నాది బావూ," అన్నాడు. అన్నందుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అధికారులిద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. అంతలో సోమేశ్వరంగారికి తన జ్ఞాపకశక్తి అడ్డం వచ్చింది. ఇంతకుముందు జవాను చంక అని వేలిముద్ర వేసినవాడు ఇప్పుడు తన చంక అంటే, రెండింట్లో ఒకటి తప్పుడు వాఙ్మూలమవుతుందనీ, తప్పుడు వాఙ్మూలమిచ్చిన ప్రమాణ పౌరుడి పౌరసత్వం రద్దవుతుందనీ, తండ్రిదే రద్దయితే కూతురిదీ పోతుందనీ చెప్పి, తానే నొచ్చుకున్నారు. నిరంజనరావుగారు తల పట్టుకున్నారు. గవరయ్య తాగుతున్న టీ చల్లారిపోయింది.

దారి చూపించింది మళ్లీ నియమావళే. విధానంలో లోపం జరిగినచోట, ఆ విధానాన్ని తిరిగి సక్రమంగా జరిపి, వెనుకటి తేదీ నుంచి వర్తింపజేయవచ్చునని ఒక వాక్యం ఉంది. అంటే గవరయ్య మళ్లీ ప్రమాణం చెయ్యాలి. ఈసారి పిల్ల అతని చంకలోనే ఉండాలి. పౌరుడు ప్రమాణం చేసి పౌరుడు కావడం కుదరదు గనక, ముందు అతని పౌరసత్వం రద్దుచేసి, తరవాత ప్రమాణం చేయించాలి. గేటు దగ్గర పిల్లలు నిషిద్ధమన్న బోర్డుని ఆ ఒక్కరోజుకీ గోనెపట్టాతో కప్పించాలని కూడా ఉత్తర్వు వేశారు. ఇవన్నీ పూర్తయ్యేసరికి పుట్టినరోజు మర్నాటికి వచ్చింది.

ఆ ఉదయం పదిన్నరకి గవరయ్య రద్దు పత్రం మీద వేలిముద్ర వేశాడు. మధ్యాహ్నం ప్రమాణం పెట్టుకుందామన్నారు. ఈలోపు నిరంజనరావుగారికి ఇంకో సమావేశం ఉంది, తరవాత భోజనవేళ. విదేశీయుడు కార్యాలయంలో ఇష్టం వచ్చినట్టు తిరగరాదు గనక వరండాలో బెంచీ చూపించి అక్కణ్ణించి కదలొద్దన్నారు. గవరయ్య కదలకుండా కూర్చున్నాడు. అతనికి భయమేసింది. ఓడలో వచ్చేటప్పుడూ ఏ దేశానికీ చెందకుండా ఇలాగే కూర్చున్నాడు గాని, అప్పుడు నెలల పిల్ల పాలకేడుస్తుంటే భయపడ్డానికి తీరికుండేది కాదు. ఈ మధ్యలో ప్రమాణం చేయించే ఆ దొరగారికేదన్నా అయితే, ప్రమాణం రేపటికి వాయిదా పడితే, తనూ పిల్లా ఇద్దరూ పరాయివాళ్లే.

పైడిరత్నం పక్కన కూర్చుని డబ్బా మూత తీసి చద్దన్నం ముద్ద కలిపి అతని చేతిలో పెట్టింది. "నాన, నాకీ నర్సు సదువొద్దు," అంది. "నీ కాయితం నువ్వు ఎనక్కి తీసీసుకో. మనమెళ్లిపోదుము."

గవరయ్య ముద్ద మింగాడు. "మీ అమ్మ జొరంతో ఉన్నప్పుడు ఒక్క నర్సు ఒచ్చుంటే నాకు సాలునే అమ్మీ," అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మూడు దాటాక పిలిచారు. ప్రమాణ మందిరంలో నిరంజనరావుగారు బల్ల వెనక, సోమేశ్వరంగారు నియమావళితో పక్కన నిలబడ్డారు. శాఖ సిబ్బందంతా గోడల వెంట చేరారు. సోమేశ్వరంగారు షరతులు చదివారు. ప్రమాణం మొదలైనప్పటి నుంచి సంతకం పూర్తయ్యేదాకా మైనరు నిరంతరాయంగా సంరక్షణలో ఉండాలి. పాదాలు నేలకు తగలరాదు. తగిలితే మొదటినుంచి మళ్లీ. నడుం నొప్పి మనిషిననీ, బస్తాలా వీపు మీద వేసుకుంటే ఎంతసేపైనా మోస్తాననీ గవరయ్య బతిమాలుకున్నాడు. సోమేశ్వరంగారు నియమావళి ఇటూ అటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపారు.

"వీపు మీద వేసుకొనుట రవాణా అగును గాని సంరక్షణ కాదు," అన్నారు.

గవరయ్య తుండుగుడ్డ నడుముకి బిగించాడు. మోకాళ్లు వంచి, ఒక చెయ్యి కూతురి వీపు వెనకా ఒక చెయ్యి మోకాళ్ల కిందా వేసి లేపాడు. పద్దెనిమిది నిండబోతున్న పిల్ల. నడుంలో ఏదో కలుక్కుమంది, కళ్లు బైర్లు కమ్మాయి. పైడిరత్నం రెండు చేతులూ అతని మెడచుట్టూ వేసి, సిగ్గుతో మొహం అతని భుజంలో దాచుకుంది.

నిరంజనరావుగారు ఒక్కో వాక్యం చదివారు, గవరయ్య ఒక్కోటీ తిరిగి చెప్పాడు. విధేయుడనై ఉందునని, చట్టములను గౌరవింతునని, పరాయి ప్రభువులెవరికీ లోబడనని. మధ్యలో టెలిఫోను మోగింది. పై ఆఫీసు నించి. చెట్లలో ఎన్ని బతికాయో లెక్క అడుగుతున్నారు. ఆయన లెక్క చెబుతున్నంతసేపూ గవరయ్య కదలకుండా నిలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి, చెమట కళ్లలోకి కారుతోంది. గోడవారనున్న గుమస్తా కుర్చీ తెచ్చి ఆమె పాదాల కింద పెట్టబోయి, అది కూడా నేలకిందే లెక్కేమోనని వెనక్కి తీసేశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వదగ్గ విషయమని అక్కడ ఎవరికీ తోచినట్టు లేదు. పైడిరత్నం మాత్రం భుజంలోంచి, "దించీ నాన, పడిపోతావు," అని గొణిగింది. "ఊరుకోయే," అన్నాడు గవరయ్య. తరవాత ప్రమాణంలోని చివరి వాక్యం కూడా చెప్పాడు.

ఇక వేలిముద్ర. రెండు చేతులూ పిల్ల కిందే ఉన్నాయి. ఈ ఇబ్బంది గురించి నియమావళిలో ఏమీ లేదు. సోమేశ్వరంగారు జీవితంలో మొదటిసారి తన సొంత బుర్రతో ఆలోచించి, కాగితాన్నీ సిరాపెట్టెనీ తనే పట్టుకుని గవరయ్య దగ్గరికి వచ్చారు. పైడిరత్నం మోకాళ్ల కిందనుంచి పొడుచుకొచ్చిన బొటనవేలిని సిరాలో ముంచి కాగితం దానికి నొక్కారు. ముద్ర చక్కగా పడింది. నిరంజనరావుగారు ధ్రువపత్రం మీద సంతకం చేసి, ముద్ర కొట్టి పైడిరత్నం చేతికిచ్చారు. శాఖ బిడ్డ శాఖ చేతుల మీదుగా పౌరురాలవడం తనకెంతో తృప్తిగా ఉందన్నారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు.

"ఇక దించవచ్చును," అన్నారు సోమేశ్వరంగారు.

గవరయ్య దించలేదు. ఆ మాట వినపడనట్టే వెనక్కి తిరిగి గుమ్మం దాటాడు. వరండా దాటాడు. మెట్లు ఒక్కొక్కటీ పాదంతో తడుముకుంటూ దిగాడు. గోనెపట్టా కప్పిన బోర్డు పక్కనించి గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాడు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ. సైకిళ్ల మీద పోయేవాళ్లు ఆగి చూశారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు పిల్లకేమైంది, ఆస్పత్రికా అని అడిగారు. పైడిరత్నం ఒక చేత్తో కాగితాన్ని గుండెలకి హత్తుకుని, నవ్వో ఏడుపో తెలియని మొహంతో తండ్రి చెవి దగ్గర చెప్పింది.

"నాన, దించీ. అందరూ సూస్తన్నారు."

"సూడనీవే అమ్మీ," అన్నాడు గవరయ్య రొప్పుతూ. "నువ్వు నా సంకలో ఉన్నావని రేపు సాచ్చికం సెప్తారు."